కాలు రాలేదు, దారం వచ్చింది

పోయిన వారం ఉప్పల్‌లో పనుండి వెళ్లి, తిరుగు దారిలో మా షాపులోకి తొంగిచూశాను. మా షాపు అంటున్నాను గానీ, నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక అక్కడ నన్ను గుర్తుపట్టే మొహం ఒక్కటీ మిగల్లేదు. నా స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఎవరో కాలి ఫొటో ఫోన్లో పంపినట్టున్నారు. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, "మీడియం సరిపోతుంది సార్, సాయంత్రానికి పంపిస్తాం" అని చెప్పేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయేలోగా ఆ పిల్ల నా వైపు తిరిగి, "ఏం కావాలాంటీ, మోకాలి బెల్టా?" అని అడిగింది. నోరు మూసుకుని వచ్చేశాను. అప్పుడు మింగిన మాటలే ఇవి. ఆ అమ్మాయీ, ఆమెలా ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లూ చదువుతారని రాస్తున్నాను.

ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే రోడ్డు మీద, ఒక పెద్ద దవాఖానాకు కాస్త ఇవతల మా సర్జికల్స్ షాపు. నడుం బెల్టులు, మెడ పట్టీలు, వాకర్లు, చంక కర్రలు అమ్మేవాళ్లం. నా పని మాత్రం కాళ్లు. డాక్టరు చీటీ పట్టుకుని వచ్చినవాళ్ల కాళ్లు కొలిచి, సరిపోయే బిగుతు మేజోళ్లు తొడిగి పంపాలి. కంపెనీ వాళ్లు వాటికి ఇంగ్లీషులో ఏవేవో పేర్లు పెట్టారు గానీ మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ "నరాల సాక్స్" అనే అడిగేవాళ్లు. నాచారం ఫ్యాక్టరీల్లో పొద్దంతా నిలబడి ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు, హోటళ్లలో దోసె పెనం ముందు నిలబడే మాస్టర్లు, కుర్చీ వేసుకోవడానికి వీల్లేని బట్టల షాపు పిల్లలు, అందరిదీ ఒకటే బాధ. కిందికి దిగిన రక్తం పైకి ఎక్కక పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. ఈ సాక్స్ చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా కాలిని పట్టుకుని రక్తాన్ని పైకి నెడుతుంది. పొద్దున లేవగానే, వాపు రాకముందే తొడగాలి. పడుకునే ముందు విప్పాలి. ఎక్కడా ముడత పడకూడదు. మా విద్య మొత్తం ఇంతే. ఇంత చిన్న సంగతిలో ఎంత ఘోరం జరగొచ్చో నేను కళ్లారా చూశాను.

షాపులో నాకంటే ముందు నుంచీ ఉన్న సేల్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. మంచి మనిషి, మాటకారి, తన మాటే నెగ్గాలనే పట్టుదల మాత్రం కొంచెం ఎక్కువ. ఆయన తండ్రి నల్గొండ వైపు ఒక ఊళ్లో టైలరు. ఆది జాకెట్టు చూసి కుట్టడమే తప్ప ఏనాడూ ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టలేదట. ఆ ఇంట్లో పెరిగినందుకు మా అన్నకు ఆది అంటే అపారమైన నమ్మకం. మనిషి రాలేకపోతే కాలి ఆది పంపమనేవాడు. ఒక దారం తీసుకుని చీలమండ చుట్టూ చుట్టి, సరిపోయిన చోట ఒక ముడి వెయ్యాలి. అదే దారం పిక్క చుట్టూ చుట్టి ఇంకో ముడి వెయ్యాలి. ఆ దారం జేబులో వేసుకుని ఇంట్లోవాళ్లు ఎవరొచ్చినా సరే, ఆయన దాన్ని బల్ల మీద పరిచి, ముడుల మధ్య టేపు పెట్టి, డబ్బా తీసి చేతికిచ్చేవాడు.

"అన్నా, కాలు జాకెట్టు కాదు. మనిషిని రమ్మను" అని నేను గొడవపడేదాన్ని.

"అందరు రాగలుగుతరా? మూల కూసున్న ముసలామెను యాడికెళ్లి తెస్తరు? నీకు టేపు మీద నమ్మకం, నాకు దారం మీద నమ్మకం. జర చుప్ ఉండు" అనేవాడు.

ఓనరు కూడా ఆయన వైపే. మనిషి వస్తే అరగంట పని, దారం వస్తే అయిదు నిమిషాల పని. నేను చుప్ ఉన్నాను గానీ సణుగుడు మానలేదు.

ఒక ఏడాది వానలు మొదలైనప్పుడు బోడుప్పల్ నుంచి ఒకాయన దారం పట్టుకుని వచ్చాడు. అక్కడ ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇస్త్రీ బల్ల పెట్టుకున్నారు. ఈయన ఇంటింటికీ తిరిగి బట్టల మూటలు తెచ్చి, మడతలు పెట్టి మళ్లీ ఇచ్చివస్తాడు. ఇస్త్రీ అంతా భార్యది. బొగ్గుల పెట్టె ముందు పొద్దున్నుంచి దీపాలు పెట్టేవేళ దాకా నిలబడి, ఆమె ఎడమ కాలు నరాలు ఉబ్బిపోయాయి. దవాఖానాలో చూపిస్తే, నర్సు ఒక సాక్స్ తొడిగి పంపిందట. కొన్నాళ్లకు అది వదులైందని ఆమె చెబితే, కొత్తదాని కోసం వచ్చాడు. అన్న దారం కొలిచి డబ్బా ఇచ్చాడు.

నేనూరుకోలేక అడిగాను. "ఆమెను ఒకసారి తీసుకురాకూడదా?"

"మూటలు పేరుకపోయినయ్ మేడం. ఆమె బల్ల ఇడిసి వస్తే ఎవలు జేస్తరు?"

"మరి తొడగడం వచ్చా? వంగగలదా?"

"వంగరాదు మేడం, ఆమెకు నడుం పట్టేసింది. ఎట్ల ఏసుకుంటదో ఏమో, నేను మూటలకు పోయినంక ఏసుకుంటది. నేనుంటే కాలే సూపియ్యది" అని సిగ్గుగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

దసరాకు ముందు మళ్లీ వచ్చాడు. మళ్లీ వదులైందట. ఈసారి తెచ్చిన దారం చూద్దుము కదా, అంతకుముందు దారం కంటే పొట్టిగా ఉంది. అన్న పాత దారాన్ని పారేయకుండా దాచిపెట్టాడు. రెండూ పక్కపక్కన పెట్టి, "సూడు, సూడు! వాపు ఎంత దిగిందో సూడు!" అని షాపంతా వినబడేలా అరిచాడు. ఆ రెండు దారాలనూ కౌంటరు వెనక గోడ మేకుకు తగిలించాడు. ఆ తర్వాత ఎవరు వచ్చి "ఇవి పనిచేస్తాయా?" అని అడిగినా ఆయన వేలు మేకు వైపు వెళ్లేది. బోడుప్పల్ ఇస్త్రీ అమ్మ మా షాపుకు పెద్ద పేరు తెచ్చేసింది. ఆమె మొహం మాత్రం మాలో ఎవరమూ చూడలేదు.

పండగ వెళ్లిన కొన్నాళ్లకు సాక్స్ కంపెనీ నుంచి ఒక మనిషి మాకు పాఠం చెప్పడానికి వస్తున్నాడని కబురు వచ్చింది. బాగా నయమైన పేషెంట్లు ఎవరైనా ఉంటే పిలిపించండి, అందరి ముందూ తొడిగి చూపిద్దాం అన్నాడట. అన్న ఆనందం పట్టలేకపోయాడు. ఇస్త్రీ ఆయనకు ఫోన్ చేసి, ఒక్క పూట బల్ల మూసి భార్యను తీసుకురావాల్సిందేనని పట్టుబట్టాడు.

వచ్చారు. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. ఆమె అతని వెనక, బండి దిగిన చోటి నుంచి షాపు మెట్టు దాకా ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. గట్టి మనిషి, మొహం మాత్రం పీక్కుపోయి ఉంది. కుర్చీలో కూర్చుని చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి లాక్కుంది. అన్న ఆమెకు టీ తెప్పించాడు. కంపెనీ మనిషికి మేకు మీది దారాలు చూపించి వాపు దిగిన కథంతా చెప్పాడు. కంపెనీ మనిషి వాటిని ఫొటో తీసుకుని, "అమ్మా, ఒకసారి విప్పి మళ్లీ ఎలా తొడుక్కుంటారో చూపిస్తారా?" అని మర్యాదగానే అడిగాడు.

ఆమె రెండు చేతులతో కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుంది. "వద్దు సారూ" అంది.

"సిగ్గుపడుతుంది. లోపలికి తీసుకుపో" అన్నాడు అన్న నాతో.

పరదా వెనక చిన్న గది. ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి నేను కింద స్టూలు వేసుకున్నాను. పరదా పడగానే నాకు వాసన తెలిసింది. జిందా తిలిస్మాత్ లాంటి నొప్పుల మందేదో రాసుకుంది, దాని కింద ఇంకో వాసన ఉంది. కాళ్ల పనిలో ఉన్నవాళ్లకు ఆ వాసన ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. చీర కొంచెం పైకి జరిపాను. సాక్స్ ముందు తెరిచి ఉండే రకం, వేళ్లు బయటికి కనిపిస్తాయి. మెట్టెలు పెట్టుకున్న ఆ వేళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. ముట్టుకుంటే నీళ్ల కుండ ముట్టుకున్నంత చల్లగా తగిలాయి. గోరు నొక్కి వదిలాను. రంగు తిరిగి రాలేదు.

"అక్కా, మొద్దుబారినయ్, అంతే. నొప్పి లేదు" అంది తనే.

మోకాలి కింద సాక్స్ పై అంచు పట్టుకుని మెల్లగా కిందికి దించాను. దాని కింద ఇంకో అంచు కనిపించింది. మడత పడిందేమో అనుకున్నాను. వేలు దూర్చి చూశాను. మడత కాదు. అది ఇంకో సాక్స్. అదే ఒంటి రంగు, అదే అల్లిక. దాన్ని కూడా కొంచెం దించాను. దాని కింద మూడోది ఉంది. అది చుట్టలు చుట్టుకుని తాడులా అయ్యి పిక్క పైన మాంసంలోకి దిగిపోయి ఉంది. చీలమండ దగ్గర పసుపు పచ్చగా, నల్లగా తడి మరక.

ఎన్నో కాళ్లు చూశాను, పుండ్లు చూశాను, వేళ్లు తీసేసిన పాదాలు చూశాను. కానీ మేం ఇచ్చినవి, మేం గొప్పగా చెప్పుకున్నవి, ఒకదాని మీద ఒకటి ఒక మనిషి కాలిని నొక్కేస్తుంటే చూడటం అదే మొదలు. వాపు దిగిందని మేకుకు తగిలించుకున్నామే ఆ దారం, దాన్ని సాక్స్ మీదే చుట్టి కొలిచారని అప్పుడు అర్థమైంది. దిగింది వాపు కాదు. కాలు నలిగిపోతూ ఉంది.

"అన్నా! కత్తెర!" అని అరిచాను. పరదా సందులోంచి కత్తెర ఇచ్చిన అన్న చూపు ఆమె కాలి మీద పడింది. ఆయన అక్కడే గోడకు ఆనుకున్నాడు.

పైది కత్తిరించాను. బిగదీసిన రబ్బరులా టప్పున విడిపోయింది. రెండోదీ కత్తిరించాను. మూడోది పుండుకు అతుక్కుని ఉంది, దాన్ని పీకితే చర్మం వచ్చేస్తుంది. పైన తాడులా నొక్కుతున్న భాగం మాత్రం జాగ్రత్తగా తెంపి మిగతాది వదిలేశాను. ఆమె పళ్ల బిగువున కేక ఆపుకుంది గానీ చప్పుడు బయటికి పోనే పోయింది. భర్త పరదా తోసుకుని వచ్చాడు.

కింద పడి ఉన్న ముక్కలనూ, ఆమె కాలినీ మార్చి మార్చి చూశాడు.

"ఏందే ఇది? ఒకదాని మీదొకటి ఏస్కున్నవా?"

"నువ్వు తెచ్చినవ్ గదా, ఏస్కున్న."

"పాతది తియ్యలే?"

"తీస్తే మళ్ల ఎవలు తొడుగుతరు? నాకు వంగొస్తదా? వాచ్‌మన్ పెండ్లాం పౌడర్ రాసి మీదికెల్లి ఎక్కిచ్చింది. దిండుకు పాత గలేబు మీద కొత్త గలేబు ఎక్కియ్యమా, గట్లనే అన్నది. ఆమెకు మాత్రం రోజు ఏం చెప్త?"

"స్నానం?" అని అడిగాను నేను, నమ్మలేక.

"కవర్ కట్టుకొని పోసుకుంటున్న అక్కా. నొప్పి వెడితే పనిజేస్తున్నదనుకున్న."

భర్త కింద పడ్డ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. "నేను సచ్చిన్నా? నన్ను తొడగమంటే తొడగనా?"

ఆమె అతని వైపు చూడలేదు. నా వైపు చూసి చెప్పింది. నేను ఆడదాన్ని కాబట్టి నాకు అర్థమవుతుందని కాబోలు. "మొగనితోని కాళ్లు పట్టిచ్చుకుంటనా అక్కా? నాకు పాపం తగలదా? మూట మోసి మోసి వస్తడు, ఆయనతోని కాళ్లు ముట్టిచ్చుకోవాల్నా?"

డాక్టరు చెప్పింది అర్థం కాక కాదు, బద్ధకం వల్ల కాదు. రాత్రి విప్పమన్న సంగతి ఆమెకు తెలుసు. విప్పితే తెల్లారి ఒక మనిషి కావాలి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనిషి మొగుడు. అంతే. ఆ ఒక్క కారణానికి ఆమె కాలు కుళ్లబెట్టుకుంది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ మా ఇంట్లో మాత్రం ఏమిటి? నా నడుం పట్టేసినప్పుడు మా ఆయన నా కాళ్లకు నూనె రాస్తానంటే నేను కాళ్లు ముడుచుకోలేదా? ఆమె పాదం చుట్టూ గాజుగుడ్డ కప్పాను.

అన్న అప్పుడు కదిలాడు. వీల్‌చైర్లు అమ్మే షాపు కదా, అద్దాల అరలో ఉన్న కొత్త వీల్‌చైర్‌లో కవరు కూడా చింపకుండా ఆమెను కూర్చోబెట్టి, రోడ్డు మీద తనే తోసుకుంటూ దవాఖానాకు పరుగెత్తాడు. భర్త చెప్పులు షాపులోనే వదిలేసి వెనకే ఉరికాడు. కంపెనీ మనిషి ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

సెలైన్ నీళ్లతో నానబెట్టి నానబెట్టి ఆ మూడో సాక్స్ తీశారట. డాక్టరు అన్న మీద అరవలేదు, భర్త మీదా అరవలేదు. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పాదం దక్కేది కాదు" అని మాత్రం అన్నాడట. ఆ మాట మాకు చెబుతూ అన్న కౌంటరు మీద తల వాల్చేశాడు. తర్వాత లేచి మేకు మీది దారాలు తీశాడు. చెత్తబుట్టలో వెయ్యలేదు. జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఎవరు దారం తెచ్చినా, "కాలు లేనిది సాక్స్ లేదు" అనేవాడు. రాలేని ముసలివాళ్ల ఇళ్లకు పొద్దున్నే తనే టేపు పట్టుకుని బండి మీద వెళ్లేవాడు, నాగారం దాకా కూడా పోయొచ్చేవాడు. ఓనరు గొణిగాడు. ఈసారి చుప్ ఉండమనే మాట ఓనరు వినాల్సి వచ్చింది.

పుండు మానడానికి చాలా కాలం పట్టింది. చలికాలం వెళ్లి ఎండలు ముదిరాయి. డ్రెస్సింగ్ జరిగినన్నాళ్లూ ఆమె భర్తను గది బయటే నిలబెట్టిందట. ఒకరోజు పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో డాక్టరు చీటీ. పుండు మానింది గానీ మళ్లీ రాకుండా సాక్స్ రోజూ వేసుకోవాలి, రోజూ విప్పాలి. ఒక్కరోజు కాదు, బతికున్నంత కాలం. మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం. ఎవరు తొడుగుతారు?

ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి కాలు కొలిచాను. పిక్క వెనక ఒక పాత కాలిన మచ్చ ఉంది, కొస తేలి ఇస్త్రీ పెట్టె ముక్కులా ఉంది. ఇస్త్రీ పనిలో ఇవి మామూలే కదా అనుకున్నాను. సాక్స్ తీసి భర్త చేతికిచ్చి, "నేర్చుకోండి" అన్నాను.

ఆమె చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "వద్దు. పాపం."

ఆయన నేల మీద కూర్చున్నాడు. కోపం లేదు, బతిమాలుకోవడం లేదు. "పొద్దుగాల లేస్తే బోడుప్పల్ల ఎవలెవలివో ఇడిసిన బట్టలు ముడుతున్న. వాళ్లు ఎవలో, యాడికెళ్లి వచ్చిన్రో నాకెరుకనా? గవి ముడితే లేని పాపం నీ కాలు ముడితే వస్తదా? వస్తే నాకు రానీ. ఇటు పెట్టు."

పరదా దగ్గర నిలబడ్డ అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాలు మెల్లగా ముందుకు జరిపింది.

నేను ఒక్కసారే చూపించాను. సాక్స్ లోపలి భాగం బయటికి తిప్పి మడమ దాకా జేబులా చెయ్యాలి, పాదం దూర్చి మెల్లగా పైకి తేవాలి. ఎన్నాళ్లు నేర్పినా నర్సులకే ముడతలు పడతాయి. ఆయన జీవితమంతా చేసింది ముడతలు తీసే పనే. అరచేత్తో కింది నుంచి పైకి దువ్వుకుంటూ వచ్చాడు, గుడ్డ కాలి మీద నున్నగా పరుచుకుంది. సగం దాకా వచ్చి ఆగిపోయాడు. చెయ్యి పిక్క వెనక ఉండిపోయింది. ఒంగి చూశాడు.

"ఇదేంది?"

ఆమె కొంగు ఇంకా పైకి లాక్కుంది.

"పెట్టె కాలిన మచ్చ. ఇదెప్పటిది?"

"పెద్ద పిల్ల కడుపుల ఉన్నప్పుడు" అంది.

నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఆ పెద్ద పిల్లకు పెళ్లయి ఇద్దరు పిల్లలు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వే మందు రాస్తనంటవని."